ముడతల మేనేజరు

పొద్దున తొమ్మిదిన్నరకి రాయదుర్గం మెట్రో స్టేషన్ ముందు నిలబడితే, ఎవరి జీతమెంతో చొక్కా చూసి చెప్పేయొచ్చు. కాకపోతే లెక్క తిరగేసి వేసుకోవాలి. ప్యాంటు మీద గీత చెక్కుచెదరకుండా ఉంటే ఆయన ఏదో ఐటీ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ. తెల్ల చొక్కా మీద ఒక్క ముడతా లేకపోతే క్యాబ్ డ్రైవరు. నిన్ననే చేరిన ఫ్రెషరైతే, వీలుంటే మెడలో ట్యాగుకి కూడా ఇస్త్రీ చేయించేవాడే. అక్కణ్నుంచి హోదా పెరిగిన కొద్దీ ముడతలూ పెరుగుతాయి. అందరికన్నా పై అంతస్తులో కూర్చునే వైస్ ప్రెసిడెంటుగారి లినెన్ చొక్కా ఆవు నమిలి వదిలేసినట్టుంటుంది. ఆ చొక్కా డబ్బులతో గేటు దగ్గరాయనకి రెండు జతల యూనిఫారం కుట్టించొచ్చు.

మన మేనేజరు ఈ రెండు కొసలకీ మధ్య ఇరుక్కున్న మనిషి. పదమూడేళ్ల సర్వీసు, కింద పన్నెండు మంది టీము, కొండాపూర్‌లో మూడు పడగ్గదుల ఫ్లాటు, దాని మీద తరగని ఈఎమ్ఐ. ఇంత ఉన్నా, తన హోదాకి ఎన్ని ముడతలు చెల్లుతాయో ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు. మరీ నలిగితే పద్ధతి లేదంటారు. మరీ నలక్కపోతే ఇంకా ఎదగలేదంటారు.

ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదనుకునేరు. మూడున్నాయి. ఒకటి పెళ్లిలో అత్తారింటి సామానుతో వచ్చింది, అట్టపెట్టె కూడా విప్పలేదు. రెండోది ఆవిరి చిమ్మే రకం, దసరా సేల్‌లో సగం ధరకి దొరికిందని కొన్నాడు. మూడోది చొక్కాని హ్యాంగరుకి తగిలించి ఉండగానే పని కానిచ్చే స్టీమరు. దాన్ని ఒకే ఒక్కసారి వాడారు, మేనేజరుగారికి జలుబు చేసినప్పుడు. ఇస్త్రీ బల్ల సంగతంటారా, 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే దాని మీదకి లాప్‌టాప్ ఎక్కింది. ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, ఆఫీసులో పాతికవేలు పెట్టి కొన్న బల్లలు చేసేదీ అదే. ఆఫీసులు తెరిచాక మనుషులు వెనక్కి వెళ్లారు గానీ ఆ బల్లకి మాత్రం పాత ఉద్యోగం తిరిగి రాలేదు.

ఆ రోజుల్లోనే ఆయన సగం ఇస్త్రీ విద్య నేర్చాడు. కాలరు, పై రెండు గుండీలు, అంతే. కెమెరా అక్కడితో ఆగిపోతుంది, కింద లుంగీ ఉందో నిక్కరుందో క్లయింటుకి అనవసరం. ఇప్పుడు రోజూ ఆఫీసుకి వెళ్తున్నా విద్య మరిచిపోలేదు. కాలరుకి ఇస్త్రీ, మిగతాదానికి జాకెట్. మే నెలలో కూడా జాకెట్ ఏమిటని ఎవరన్నా అడిగితే, ఏసీ పడదంటాడు.

ఇదంతా ఆయన ఒక్కడి బద్ధకమే అంటే అన్యాయం. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి సాఫ్ట్‌వేర్ మనిషి అంటే ఫుల్ చేతుల చొక్కా, మెరిసే బూట్లు, సోమవారం తప్పనిసరిగా టై. 2015లో ఇన్ఫోసిస్ లాంటి కంపెనీయే వారమంతా క్యాజువల్స్ వేసుకు రావచ్చంది. ఆ తర్వాత టీషర్టు వచ్చింది, దానితో పాటు కంపెనీ బొమ్మ వేసి ఉచితంగా పంచే టీషర్టూ వచ్చింది. ఉచితంగా వచ్చినదానికి డబ్బిచ్చి ఇస్త్రీ చేయించే మనసు మన జాతికి లేదు.

అసలు దెబ్బ మాత్రం బావమరిది నిశ్చితార్థం రోజు తగిలింది. సాయంత్రం నేరుగా ఫంక్షన్ హాలుకి వెళ్లాలని, నఖశిఖపర్యంతం ఇస్త్రీ బట్టలతో ఆఫీసుకొచ్చాడు. పదిన్నరకల్లా ఫ్లోరంతా గుసగుసలు. పదకొండింటికి డైరెక్టరు భుజం మీద చెయ్యేసి కాఫీకి తీసుకెళ్లాడు.

“అంతా బాగానే ఉంది కదా? ఇక్కడ నీకేమన్నా ఇబ్బందిగా ఉందా?”

“లేదండీ, సాయంత్రం మా బావమరిది నిశ్చితార్థం...”

“అర్థమైంది. ఆ వివరాలు నాకొద్దులే. ఏప్రిల్‌దాకా ఆగు, నీ సంగతి నేను చూస్తాను.”

ఏప్రిల్‌లో నిజంగానే చూశాడు. ఐటీ కారిడార్‌లో ఇస్త్రీ చొక్కాకి ఒకటే అర్థం, మధ్యాహ్నం పక్క బిల్డింగ్‌లో ఇంటర్వ్యూ. నలిగిన చొక్కా అంటే విశ్వాసం. ఈ జ్ఞానోదయం అయ్యాక మన మేనేజరు తన టీములో ఎవరు నీటుగా వచ్చినా ఉలిక్కిపడతాడు.

ఆయన దగ్గర సైన్సు కూడా సిద్ధంగా ఉంటుంది. 2024 మే నెలలో సీఎస్ఐఆర్ ల్యాబుల్లో ‘రింకిల్స్ అచ్ఛే హై’ అని ఒక ప్రచారం నడిచింది. ఒక జత బట్టల ఇస్త్రీతో సుమారు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, కాబట్టి సోమవారాలు ఇస్త్రీ మానండి అన్నారు. వాళ్లు సోమవారమే అన్నారు, మనవాడు మిగతా ఆరు రోజులూ దయతో కలుపుకున్నాడు. టీమందరికీ ఆ లెక్క వినిపించి, సాయంత్రం ఏడు సీట్ల డీజిల్ కారులో ఒంటరిగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి కొండాపూర్ చేరేసరికి గంటన్నర.

ఈ సిద్ధాంతాలేవీ చెల్లని చోటు ఒక్కటే, అపార్ట్‌మెంటు గోడ పక్కన వేపచెట్టు కింద ఇస్త్రీ బండి. మొన్నమొన్నటిదాకా బొగ్గులు, ఇప్పుడు గ్యాసు సిలిండరుతో నడిచే పెట్టె. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకీ ధోబీఘాట్లకీ నెలకి 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇస్తామంది ప్రభుత్వం, మంచిదే. కానీ వేపచెట్టుకి మీటరుండదు. సిలిండరు డబ్బులు బండాయనవే.

ఆ బండి మీదకి ఎవరి బట్టలు ఏ రోజు వస్తాయో ఆయనకి తెలుసు, వాటిని బట్టి మనిషి సంగతీ తెలుసు. పట్టు చీర వస్తే పెళ్లి. ఒకే ఇంటినుంచి నలుగురివీ కొత్త బట్టలు వస్తే నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ అపాయింట్‌మెంటు. మొన్న ఆదివారం రాత్రి మన మేనేజరు ఒక లేతనీలం ఫుల్ చేతుల చొక్కా మడిచి చంకలో పెట్టుకుని దిగాడు.

“అన్నా, ఇది పొద్దున్నకి కావాలి.”

బండాయన చొక్కా విదిలించి వెలుతురుకి పట్టి చూశాడు. “గట్లనే సార్. మీ ఆఫీసుల జేసే ఇద్దరు పోరగాండ్లు బీ బ్లాకుల ఉంటరు గదా?”

“ఆ, ఉంటారు. ఏం?”

“గీ వారంల చెరి మూడు చొక్కాలు ఇచ్చిండ్రు. ప్యాంట్లు గూడ.”

మేనేజరు మొహం వాడిపోయింది. వచ్చే నెలలో రిలీజు, సగం కోడ్ ఆ ఇద్దరి చేతిలోనే ఉంది. “నిజంగానా? ఎప్పట్నుంచి?”

“మంగళారం సంది. మీరు ఫికర్ జెయ్యకుండ్రి, నేనెవ్వరికి చెప్ప.” బండాయన లేతనీలం చొక్కా బల్ల మీద పరిచి నీళ్లు చిలకరించాడు. “మరి మీది రేపు ఎన్ని గంటలకు సార్?”

“పదకొండుకి,” అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి. “కాలరు ఒక్కటే కాదన్నా, మొత్తం చెయ్యి.”