రెండు పెగ్గుల పెద్దమనిషి

మన అపార్టుమెంట్లలో కొత్తరకం పెద్దమనిషి ఒకాయన వెలిశాడు. ఆయన తాగుబోతు కాడు. ఆ సంగతి అడక్కపోయినా చెబుతాడు. బార్లో కూర్చోడు, తాగి బండి నడపడు, రోడ్డు మీద పడిపోడు. రాత్రి ఎనిమిదింటికి లుంగీలోకి మారి, సోఫాలో చేరగిలబడి, టీవీ చర్చలో నాయకులు ఒకర్నొకరు తిట్టుకుంటుండగా ‘ఓ రెండు’ వేసుకుంటాడు. ఇంట్లోనే. లిమిట్‌లోనే. అదీ గుండె ఆరోగ్యం కోసం.

ఇష్టమై తాగుతున్నానండీ అనేవాడితో నాకు పేచీ లేదు. ఆ మాట అనే ధైర్యం ఉన్నవాళ్ళు అరుదు కాబట్టి వాళ్ళంటే కాస్త గౌరవం కూడా. నా పేచీ అంతా ఆ గుండెతోనే.

ఈ గుండె కథ ఊరూరా పాకడానికి ఒక ముహూర్తం ఉంది. 1991 నవంబరులో అమెరికాలో ‘60 మినిట్స్’ అనే టీవీ కార్యక్రమంలో ఒక ముచ్చట చెప్పారు. ఫ్రెంచివాళ్ళు వెన్నా చీజూ అంతలా తింటూ కూడా గుండెజబ్బుతో తక్కువమందే పోతున్నారు, కారణం రెడ్ వైన్ కావచ్చు అని. అంతే, అక్కడ రెడ్ వైన్ అమ్మకాలు ఎగబాకాయి. తర్వాత ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌కి గుడి కట్టడమే తక్కువ. 2012లో కనెక్టికట్ విశ్వవిద్యాలయం, ఆ పదార్థం మీద పేరు గడించిన తన పరిశోధకుడు 145 చోట్ల ఫలితాలు కల్పించాడనో తారుమారు చేశాడనో తేల్చి, లోకానికి చాటింది. మన పెద్దమనిషికి ఈ కథలో మొదటి అధ్యాయమే చేరింది, అదీ వాట్సాప్‌లో. పైగా అక్కడ మాట్లాడింది రెడ్ వైన్ గురించి, ఈయన గ్లాసులో ఉన్నది విస్కీ. మన మామూలు విస్కీల్లో చాలావాటికి ద్రాక్షతో సంబంధమే లేదు, బార్లీతో ఉన్నదీ దూరపు చుట్టరికమే. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే వాటికి మూలం. చెరకు మడ్డి గుండెకి మేలు చేస్తుందని ఏ ఫ్రెంచివాడూ అనలేదు.

మితంగా తాగేవాళ్ళు అసలు తాగనివాళ్ళకన్నా ఎక్కువ కాలం బతుకుతారని చెప్పిన పాత సర్వేల్లో ఇంకో తమాషా ఉంది. ఒకప్పుడు దండిగా తాగి, జబ్బుపడి, డాక్టరు కేకలేస్తే మానేసినవాళ్ళను కూడా ‘తాగనివాళ్ళ’ లెక్కలో కలిపేశారు. కుంటివాళ్ళందర్నీ అవతలి జట్టులోకి తోసి, కబడ్డీ గెలిచామని ఊరేగడమన్నమాట. ఈ మెలికని బ్రిటన్ పరిశోధకులు 1988లోనే పట్టుకున్నారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని పొగాకు, ఆస్బెస్టాస్‌ల సరసన క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో కూర్చోబెట్టింది. 2023 జనవరిలో ఆ సంస్థే, ఇంతవరకు తాగితే హాని లేదు అనదగ్గ మోతాదు లేదని చెప్పేసింది. మధ్యలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, రోజుకో గ్లాసు గుండెకి మంచిదా కాదా తేలుద్దామని పెద్ద ప్రయోగమే తలపెట్టింది. ఖర్చులో పెద్ద వాటా భరిస్తామన్నది బీరు, మద్యం కంపెనీలు. ఆ డబ్బు కోసం అధికారులే కంపెనీల గడప తొక్కారనీ, మేలు బయటపడేలాగే ప్రయోగాన్ని అల్లారనీ తెలిశాక 2018 జూన్‌లో దాన్ని కట్టిపెట్టారు. ఈ వార్త మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ తిరగలేదు.

ఇక ఆ ‘రెండు’ సంగతి. బార్లో పెగ్గుకి కొలత ఉంది. 30 మిల్లీలీటర్లు స్మాల్, 60 లార్జ్. కొలిచేది సర్వరు, గుర్తుచేసేది బిల్లు. ఇంట్లో ఆ ఇద్దరూ లేరు. సీసా వంగుతుంది, సరిగ్గా అప్పుడే యాంకర్ అరుస్తాడు, చెయ్యి అదురుతుంది. మొదటి పెగ్గు రెండు వేళ్ళ మందం. రెండోది నాలుగు వేళ్ళు. మూడోదాన్ని పెగ్గనరు, ‘అడుగున కాస్త మిగిలింది’ అంటారు. శుక్రవారం తెచ్చిన 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్, రోజుకి రెండు లార్జ్‌ల చొప్పున, బుధవారం దాకా రావాలి. సోమవారం పొద్దున్నే అందులో మనీప్లాంటు వేళ్ళు దింపుతూ కనిపిస్తుంది.

‘నాది బీరేనండీ’ అనే శాఖ ఒకటుంది. వీళ్ళ దృష్టిలో బీరంటే బార్లీ నీళ్ళకి పెద్దన్న. కిడ్నీలో రాళ్ళు కూడా కరిగిస్తుందట! స్ట్రాంగ్ బీరు సీసా మీది సన్నక్షరాలు చదివితే ‘8 శాతానికి మించదు’ అని ఉంటుంది. ఆ లెక్కన 650 మిల్లీలీటర్లలో 52 దాకా ఆల్కహాలే. 42.8 శాతం విస్కీ రెండు లార్జ్‌లు తాగినా లోపలికెళ్ళేది 51. రెండు సీసాలు పుచ్చుకుని ‘విస్కీ ముట్టనండీ’ అని లెంపలేసుకునే ఈయన, నాలుగు లార్జ్‌లు కొట్టి లేచినట్టే. వైన్ శాఖ వారు నాసిక్ సీసాని పెరుగు గిన్నె పక్కన పెట్టి చల్లబరుస్తారు, గ్లాసు తిప్పి తిప్పి వాసన చూస్తారు. వీరి బాధ ఎక్కువగా ఉపన్యాసమే.

ఇంట్లోనే తాగుతాను అన్నది ఆయన త్యాగంలా చెబుతాడు. బార్లో సర్వరుకి జీతం ఉంది, టిప్పు ఉంది. ఇక్కడ ఉల్లిపాయలు చక్రాలుగా కోసేది, పల్లీలు వేయించి కారం చల్లి నిమ్మకాయ పిండేది, ఐసు ట్రే నింపేది, ‘ఇంకో ఆమ్లెట్టు’ అన్న కేక అందుకునేది ఆవిడ. పదిన్నరకి ‘అన్నం వద్దులే’ అంటే మూతలు పెట్టి సర్దుకునేదీ ఆవిడే. ‘మా ఆవిడకి అభ్యంతరం లేదండీ’ అంటాడు ఆయన. ఆవిణ్ణి అడిగిచూస్తే ‘బయటెక్కడో పడిపోయేకన్నా నయం కదండీ’ అంటుంది. ఇంత తక్కువ మార్కులతో గట్టెక్కే పరీక్ష మొగుళ్ళకి తప్ప ఎవరికీ పెట్టరు.

ఇదే మనిషికి బెల్టుషాపు దగ్గర క్వార్టర్ ఎత్తే కూలీని చూస్తే ఒళ్ళు మంట. ఇలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా తగలడిందంటాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి మరుసటి ఏడు సారా నిషేధం దాకా, 1995లో మొత్తం మద్యనిషేధం దాకా వెళ్ళింది. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. ఆ సారా తాగిన మొగుళ్ళు తిట్లు తిన్నారే గానీ, గుండె కోసం తాగుతున్నామని చెప్పుకోవడం వాళ్ళకి తట్టలేదు. ఆ తెలివి చదువుతో వచ్చింది. 2020 మేలో లాక్‌డౌన్ మధ్య ఆంధ్రలో దుకాణాలు తెరిచి, రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచినా బారులు తగ్గలేదు. ఆ బారులో కూలీ వెనకే మాస్కు కట్టుకుని మన పెద్దమనిషీ నిలబడ్డాడు. అందరి గుండెలకీ ఒక్కసారే అవసరం ముంచుకొచ్చింది.

ఇన్ని చెప్పినా ఆయన దగ్గర చివరి అస్త్రం ఒకటుంటుంది. ‘మా తాత రోజూ కల్లు తాగి తొంభై ఏళ్ళు బతికాడండీ.’ బతికే ఉంటాడు. తెల్లారకుండా పొలానికి నడిచాడు, లిఫ్టు ఎక్కలేదు, టీవీ ముందు కూర్చుని చికెన్ పకోడీ తినలేదు. తాతతో పాటు అదే తాటిచెట్టు కింద రోజూ కూర్చున్న మిగతా నలుగురూ ఎన్నేళ్ళు బతికారో ఈయనకి గుర్తులేదు. వాళ్ళ ఫొటోలు ఈ హాల్లో లేవుగా.