చెరువుకూ ఒక ఎల్‌ఆర్‌ఎస్ ఇవ్వండి

2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వానకు మానుకోట (మహబూబాబాద్) జిల్లా డోర్నకల్ జంక్షన్‌లో పట్టాలు మునిగాయి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ అక్కడే ఆగిపోయింది. జనం తుపానును తిట్టారు, రైల్వేను తిట్టారు. నన్నడిగితే తప్పంతా నీళ్లదే. టికెట్ లేదు, రిజర్వేషన్ లేదు, ఎన్‌వోసీ అసలే లేదు. అంతకు ముందేడు సెప్టెంబర్ 1న ఇదే జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది మట్టి, కంకర కోసుకుపోయింది కూడా ఈ నీళ్లే. రెండో నేరం కాబట్టి జామీను ఇవ్వకూడదు.

కాకపోతే ముద్దాయి వాదనా వినాలి కదా. ఎండాకాలం మానుకోట జిల్లాలో ఏ చిన్న పట్నం అంచుకైనా వెళ్లండి. మొరం పోసి చదును చేసిన జాగా, సున్నంతో గీసిన రోడ్లు, పసుపు రంగేసిన హద్దురాళ్లు, రోడ్డు కన్నా ముందు లేచిన స్వాగత తోరణం. బ్రోచర్‌లో ‘లేక్ వ్యూ’ అని ఉంటుంది. అబద్ధమేమీ కాదు, శ్రావణంలో చెరువే వచ్చి ఇంటిని చూసి పోతుంది.

అక్కడ ప్లాట్లు అమ్మే మధ్యవర్తిని అడిగాను: “తమ్మీ, ఇది చెరువు గాదా?”

“ఎప్పటి ముచ్చటనే! ఇప్పుడు నీళ్లేడున్నయ్?”

“మరి వానకాలం?”

“వానకాలం ఊరంతా చెరువే గదనే.”

ఇంత నిజాయితీపరుడైన మధ్యవర్తిని నేనింకెక్కడా చూడలేదు.

చెరువు నిండి మత్తడి దుంకేటప్పుడు నీళ్లు ఎంత మేర నిలుస్తాయో అంత మేర ఎఫ్‌టీఎల్. పదెకరాలు కాదు, పది హెక్టార్లు దాటిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి జీవో 168 చెప్తోంది. తొమ్మిది మీటర్లంటే ఒక లారీ నిలబెట్టినంత జాగా. లారీ మొరం దింపడానికి సరిపోతుందనుకున్నారేమో మనవాళ్లు.

కాకతీయులకు లేఅవుట్ తెలియదు పాపం. గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండాలని వాళ్ల లెక్క. ఇప్పుడు మధ్యలో కాలనీ నిండుతోంది. 2015లో వాళ్ల పేరు మీదే మిషన్ పెట్టి చెరువుల్లో పూడిక తీశాం. 2020లో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ పెట్టి వెయ్యి రూపాయల ఫీజుతో దరఖాస్తులు పిలిస్తే 25 లక్షలు దాటి వచ్చాయి. చెరువు శిఖంలోని ప్లాటు చెల్లదని అందులోనే రాసుంది. అయితే ఏ ప్లాటు ఏ నీళ్లలో ఉందో తేల్చే పని ఏళ్లు నడిచి, 2025లో 25 శాతం రాయితీతో ఫీజు కట్టమని పిలిచారు. నీళ్లు మాత్రం రాయితీ అడగకుండా ఏటా వచ్చిపోతున్నాయి.

కొన్నవాణ్ణి తిట్టడం తేలిక. తండాలో ఉన్న కాస్త భూమి అమ్మి, పిల్లల చదువు కోసం పట్నంలో వంద గజాలు కొనుక్కునేవాడికి మెట్ట మీది ప్లాటు అందదు, పల్లంలోది అందుతుంది. పట్నం ఎటు పెరగాలో గీసే ప్లాను తీరిగ్గా వస్తుంది, సున్నం డబ్బా ఉన్నవాడు అంతకు ముందే గీసేస్తాడు. రిజిస్ట్రేషన్ ఫీజు, కరెంటు మీటరు, ఇంటి పన్ను, అన్నీ చెరువులోనే వసూలవుతాయి. అది చెరువని సర్కారుకు గుర్తొచ్చేది జేసీబీ డీజిల్ పోయించుకున్న రోజునే. హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో పుట్టిన హైడ్రా ఆగస్టులో తమ్మిడికుంట మీది ఎన్-కన్వెన్షన్ హాలును కూల్చాక, మాకూ ఒక హైడ్రా కావాలని జిల్లాలవాళ్లు ముచ్చటపడుతున్నారు. నాకైతే కూల్చే జేసీబీ కన్నా, అమ్మకానికి ముందే ఎఫ్‌టీఎల్ రాయి పాతే సర్వేయర్ మీద ముచ్చట. జీతం కూడా తక్కువే. లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ జాగాను ఆ బఫర్‌లోనే చూపించుకోవచ్చని కూడా అదే జీవో 168 ఒప్పుకుంటోంది. పార్కు పార్కే, చెరువు చెరువే. ఇక ఇళ్లకు మెట్ట మీద సర్కారే ప్లాట్లు వేసి అమ్మితే పల్లానికి అంత గిరాకీ ఉండదు.

ఇదే మాట మన మధ్యవర్తితో అన్నాను. “పల్లం వదిలెయ్యి తమ్మీ, గుట్ట పక్కన వెంచర్ వెయ్యరాదూ?”

జాలిగా చూశాడు. “అక్కడ నీళ్లు లేవన్నా. ఎవలు కొంటరు?”