నేను విల్ సోమర్స్ బొమ్మని

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో విదూషకుడు విల్ సోమర్స్. ఆయన బొమ్మ అచ్చుపడిన కాగితాన్ని నేను. ఆయన 1560లో కన్నుమూస్తే లండన్‌లోని షోర్‌డిచ్‌లో, సెయింట్ లెనర్డ్ చర్చిలో పూడ్చిపెట్టారు. ఫ్రాన్సిస్ డెలారమ్ నన్ను చెక్కింది ఆ తర్వాత అరవై ఏళ్లకు అటూ ఇటూగా. విల్‌ని ఆయన కళ్లారా చూసే వీలే లేదు. నన్ను చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాకు ప్రాణం పోసింది ఒక రాగిరేకు. నున్నగా మెరుగుపెట్టిన రేకును తోలు దిండు మీద ఉంచి, ఎడమచేత్తో దాన్ని తిప్పుతూ కుడిచేత్తో ఉలిని ముందుకు తోస్తారు. రాగి సన్నటి తీగలా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. గీత పక్కన నిలిచిన గరుకును గీకేస్తారు. ఉలి లోతుగా దిగినచోట చిక్కటి నీడ, పైపైన పోయినచోట లేత బూడిదరంగు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి రాతంతా తిరగేసి చెక్కాలి. విల్ ఛాతీ మీద హెచ్, ఆర్ అని రాజుగారి పొడి అక్షరాలున్నాయి. హెచ్‌తో పేచీ లేదు, ఎటు నుంచి చూసినా ఒకటే. ఆర్ దగ్గర చెయ్యి తడబడకూడదు. చెక్కడం అయ్యాక సిరా రుద్ది, పైనున్నదంతా తుడిచేసి, తడి కాగితం పరిచి రెండు రోలర్ల మధ్య నుంచి లాగుతారు. గాళ్లలో మిగిలిన సిరా కాగితానికి ఎక్కుతుంది. ఆ కాగితమే నేను.

నాలో విల్ నిలువెత్తున ఉంటాడు, పొడుగాటి అంగీతో, కొమ్ముబూరతో. కాళ్ల కింద ఒక పద్యం. ఈ బట్టలు నాకు నచ్చే తొడుక్కున్నాను, వీటి మీది అక్షరాలు రాజు ఇచ్చినవి అని అది ఆయన చేతే చెప్పిస్తుంది. నా బాధంతా అక్కడే. పోయిన మనిషి నోట ఎవరికి తోచిన మాట వాళ్లు పెట్టారు. 1600లో అచ్చయిన థామస్ నాష్ నాటకం, 1605లో వచ్చిన శామ్యూల్ రౌలీ నాటకం, 1637లో జీవితకథ పేరుతో వెలువడ్డ చిన్న పుస్తకం, అన్నిటా విల్ మహా మాటకారి. ఆయన బతికుండగా రాసిన రాజుగారి లెక్కల్లో కనిపించేది వేరు. 1535లో ఆయనకు కుట్టించిన బట్టల జాబితా ఉంది. హెన్రీ కొడుకు ఎడ్వర్డ్ కాలంలో, విల్‌ని కనిపెట్టుకుని ఉండే మనిషికి డబ్బిచ్చిన పద్దు ఉంది. విల్ వయసుతోపాటు బుద్ధి ఎదగని మనిషి అయ్యుంటాడని ఇప్పటి చరిత్రకారులు కొందరు అంటున్నారు. నేనూ అటే మొగ్గుతాను. ఆ కొలువులో రాణుల తలలు తెగాయి, మంత్రుల తలలు తెగాయి. విల్ మాత్రం హెన్రీ, ఎడ్వర్డ్, హెన్రీ కూతురు మేరీల ఏలుబడి దాటి 1559లో మరో కూతురు ఎలిజబెత్ పట్టాభిషేకం కూడా చూశాడు. చమత్కారం కాపాడిందంటారు కథలల్లేవాళ్లు. మనిషంటే ఇష్టం ఉండబట్టే ఉంచుకున్నారని నా నమ్మకం.

1769లో జేమ్స్ గ్రేంజర్ ఇంగ్లండ్ ప్రముఖుల చరిత్ర అచ్చువేశాక, మనుషుల బొమ్మలు పోగుచేసి పుస్తకాల్లో అంటించుకోవడం అక్కడ పెద్ద వేలంవెర్రి అయింది. అలా పోగుచేసే ఒకాయన నన్ను తన పుస్తకంలో ఇమిడేలా కత్తిరించాడు. రాగిరేకు అంచు నా ఒంట్లో నొక్కిన గాడి ఆ కత్తెరకే పోయింది. రేకు కొలత చెప్పే ఆనవాలు అదొక్కటే.

విల్ అసలు రూపు కావాలంటే హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌కు వెళ్లండి. 1545 ప్రాంతంలో వేసిన హెన్రీ కుటుంబ చిత్రంలో, కుడివైపు కమాను కింద, భుజాన కోతితో ఉన్న మనిషి ఆయనే. బ్రిటిష్ లైబ్రరీలో హెన్రీ సొంత కీర్తనల పుస్తకం ఉంది. అందులో రాజు వీణలాంటి హార్ప్ వాయిస్తుంటే పక్కన విల్ ఉన్నాడు. ఆ రెండూ ఆయన బతికున్న రోజుల్లో వేసినవి. ముందు వాటిని చూసి, తర్వాత నా దగ్గరికి రండి.