బాపు టార్చిలైటు, బామ్మర్ది కారు

మా ఇంట్లో ఏ వస్తువూ అంత సులువుగా చావదు. నేను చావనియ్యను. కర్ర విరిగిన గొడుగు తలుపు వెనక ఉంది, బట్ట బాగుందని. బట్ట చిరిగిన గొడుగు దాని పక్కనే ఉంది, కర్ర బాగుందని. రెండూ కలిపి ఒక మంచి గొడుగు చేసిస్తానని పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు మాటిచ్చాను. ఖానాపూర్‌లో ఆ తర్వాత చాలా వానకాలాలు కురిసి పోయాయి. ఆమె తడుస్తూనే ఉంది.

ఈ గుణం మా బాపు నుంచి వచ్చిన ఆస్తి. ఆయనకు మూడు సెల్లుల టార్చిలైటు ఉండేది. వెలుగు ఎర్రబడగానే సెల్లులు తీసి అరుగు మీద ఎండకు పెట్టేవాడు. సాయంత్రానికి అవి కాస్త తేరుకునేవి. ఇందులో మంత్రమేమీ లేదు. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం చురుకవుతుంది, వాడకుండా ఉంచితే కొంచెం కోలుకుంటుంది, అంతే. పొలం దాకా పోయి రావడానికి ఆ మాత్రం వెలుగు చాలు. “సెల్లు ఖతమైందని దుకాణపోడు గాదురా చెప్పేది, చీకటి చెప్పాలె” అనేవాడు. బడిలో పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పే ఉద్యోగం నాకు వచ్చింది గానీ, నా అసలు చదువు ఆ అరుగు మీదే పూర్తయింది.

ఇలాంటి నాకు మా బామ్మర్ది కారు అప్పజెప్పాడు. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు దొరకడం కష్టం. పోయినవాళ్లు వెనక వదిలిపోయేవి దాదాపు ఒకటే: ముసలి తల్లిదండ్రులు, సగం లేచిన స్లాబు ఇల్లు, కవరు కప్పిన బండి. మావాడు దుబాయ్ పోతూ ఆల్టో తాళంచెవి నా చేతిలో పెట్టి, “నీకన్న పైలంగ చూసేటోడు ఎవడున్నడు బావా” అన్నాడు. ఆ మాట నేను మరీ గట్టిగా పట్టుకున్నాను. బండిని ఎక్కడికీ తీయలేదు. తీస్తే పెట్రోలు, గీతలు, పంక్చరు. మొదట వేపచెట్టు కింద పెట్టాను. కాకులు పాడుచేస్తున్నాయని ఎండలోకి మార్చి, పైన కవరు కప్పాను. ఆదివారం ఆదివారం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేవాణ్ణి. తర్వాత అదీ దండగనిపించింది. వాడు వీడియో కాల్ చేస్తే మాత్రం కవరు తీసి బానెట్ మెరుపు చూపించేవాణ్ణి.

డిసెంబరు వచ్చింది. ఆదిలాబాద్ వైపు చలి సంగతి తెలిసిందే. ఒక పొద్దున బాసర పోదామని అందరం తయారై బండెక్కాం. తాళం తిప్పితే కట్, కట్, కట్ మంది. తర్వాత అదీ లేదు. “చలి దెబ్బ” అని తీర్పు చెప్పాను. వెనక సీట్లోంచి మా ఆవిడ, “కొత్తది ఏపియ్యుండ్రి” అంది. ఒక్క మాటలో పోయేదాన్ని నేను సభకు పెట్టాను. ఒకాయన తోయమన్నాడు. ఒకాయన పాత యాసిడ్ పారబోసి కొత్తది పోయమన్నాడు. ఒకాయన ఊరికే వచ్చి చూసి పోయాడు. నాకు అందరి మాటా నచ్చింది, ఎందుకంటే అందులో ఎవరూ కొనమనలేదు.

బానెట్ ఎత్తాను. ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, అంచుల్లో పచ్చగా పొడి పొంగి గట్టిపడి ఉంది. వేడినీళ్లు పోసి పాత బ్రష్షుతో తోమితే కింద సీసం తళుక్కుమంది. అక్కడే నాకు సగం ఆశ పుట్టింది. ఆరు మూతలూ విప్పి టార్చి వేసి తొంగిచూశాను. నీళ్లు అడుగుకు పోయి ప్లేట్ల తలలు బయటికి తేలి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ తెచ్చి ప్లేట్లు మునిగేదాకా పోసి, తెలిసినవాళ్ల చార్జర్ అడుక్కొచ్చి, రాత్రి వరండాలో పెట్టాను. కాసేపటికి లోపల సన్నగా బుడగలు లేచాయి. పక్కింటాయన బీడీతో వంగి చూడబోతే గుండె జారిపోయింది. చార్జింగులో లేచేది హైడ్రోజన్, నిప్పు తగిలితే పేలుతుంది. ఆయనను ఆమడ దూరం నిలబెట్టి మీటరు పెట్టాను. 13 వోల్టులు! నిద్రపోతున్న మా ఆవిడను లేపి చెప్పాను. ఆమె అన్నది ఇక్కడ రాయను.

తెల్లారి బ్యాటరీ మోసుకుని దుకాణానికి పోయాను. అది నడిపేది నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లగాడే. వాడు మీటరు పెడితే పదిన్నర. “రాత్రి పదమూడు చూపించింది గదరా” అన్నాను. “రాత్రి చూసింది చార్జర్ వోల్టేజి సార్, బ్యాటరీది గాదు” అన్నాడు. తర్వాత యాసిడ్ సాంద్రత చూసే హైడ్రోమీటరు తీసి ఒక్కో సెల్లులోంచి పీల్చాడు. ఐదింట్లో లోపలి తేలే బుడ్డి పైకి లేచి 1230 దాటింది. ఆరోదాంట్లో మునిగి 1100 దగ్గర కూర్చుంది. లోడ్ టెస్టర్ అంటిస్తే ముల్లు ఒక్కసారిగా కిందపడింది.

“సెల్లు ఒక్కంటికి రెండు వోల్టులు పైచిలుకు, ఆరు కలిస్తే 12.6. ఒకటి పోతే పదిన్నర. మీరే చెప్పిండ్రు గద సార్.”

చెప్పాను. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే ఈ సీసం బ్యాటరీ కనిపెట్టాడని కూడా చెప్పాను. వాడు ఏం మరిచిపోలేదు, అదే నా ఖర్మ.

“చలికి పోయింది గదరా?” అన్నాను, చివరి పట్టుగా.

“ఎండకాలంలనే సచ్చింది సార్. చలికి బయటవడ్డది.”

నలభై దాటిన ఎండలో లోపలి నీళ్లు ఆవిరవుతాయి, ప్లేట్లు తొందరగా పాడవుతాయి, ఉన్న చార్జీ దానంతటదే కారిపోతుంది. చలికాలంలో ఇంజను తిరగడం కష్టమవుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, బండారం బయటపడుతుంది. బాపు సెల్లులకు ప్రాణం పోసిన ఎండే నేను కాపలా కాసిన బ్యాటరీ ప్రాణం తీసింది. నా ఆదివారపు ఐదు నిమిషాలూ దాన్ని కాపాడలేదు. స్టార్ట్ చేసినప్పుడు ఆ చిన్న బండే వంద ఆంపియర్ల పైన లాగుతుంది. వారమంతా కారిపోయింది కూడా కలిపి ఐదు నిమిషాల్లో తిరిగి నిండదు.

వాడు ఇంకో మాట చెప్పాడు. బ్యాటరీ దిగినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పొర కడుతుంది. వెంటనే చార్జి చేస్తే కరిగిపోతుంది. అట్లనే వదిలేస్తే కుండకు పట్టిన ఉప్పులా ముదిరి, ఇక చార్జరు మాట వినదు. అంటే బతికించాలా మార్చాలా అని నేను కూర్చుని ఆలోచించిన ప్రతిరోజూ, లోపల అది నా తరఫున నిర్ణయం తీసుకుంటూనే ఉంది. రెండు మూడేళ్ల లోపు బ్యాటరీ అయి, పొట్ట ఉబ్బకుండా, ఆరు సెల్లులూ సమంగా ఉండి, చార్జరు తీసి పెట్టిన మర్నాటికి 12.4 పైన నిలిస్తే బతికించుకోవచ్చట. నాది ఏ లెక్కకూ ఆనలేదు.

కొత్తది కొనేటప్పుడూ నేను ఊరుకోలేదు. 1985లో గల్లా రామచంద్ర నాయుడు తిరుపతిలో మొదలుపెట్టిన అమరరాజా సంగతి నుంచి ఎక్స్‌చేంజి దాకా గంటసేపు ముచ్చట పెట్టాను. పాతది ఇస్తే ధర తగ్గుతుంది. అందులో సగానికి పైగా సీసమే, కరిగించి మళ్లీ బ్యాటరీలే చేస్తారు. పాతవి వెనక్కి తీసుకోవాలని 2001 నుంచే నిబంధన ఉంది, 2022లో కొత్త నిబంధనలతో ఆ బాధ్యతను తయారీదార్లకు ఇంకా గట్టిగా బిగించారు. అన్నీ తెలిసీ నా చేయి పాత బ్యాటరీ పిడి వదల్లేదు. “ఐదు సెల్లులు మంచిగనే ఉన్నయి గదరా...” అన్నాను. మా ఆవిడ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. “మా తమ్ముని కారు సుత మీ టార్చిలైటేనా?”

పోయేముందు పిల్లగాడు రెండు ఉపాయాలు చెప్పాడు. నెల రోజులు తీయకపోతే మైనస్ టెర్మినల్ విప్పి పెట్టాలి, లేదా వారానికోసారి గంటసేపు రోడ్డు మీద నడపాలి. మొదటిది నాకు నచ్చింది, దానికి రూపాయి ఖర్చు లేదు. రెండోది మా ఆవిడకు నచ్చింది. ఇప్పుడు ఆదివారం వస్తే మా అబ్బాయి స్టీరింగు దగ్గర, ఆమె పక్క సీట్లో. ఒక వారం కడెం ప్రాజెక్టు, ఒక వారం బాసర, మిగతా వారాలన్నీ గోదావరి దాటి మెట్‌పల్లిలో పుట్టిల్లు. ఎందుకని అడిగితే, “బ్యాటరీ దిగిపోతది గద సారూ” అంటుంది.

మొన్న బామ్మర్ది ఫోన్ చేశాడు. “బావా, బండి మంచిగున్నదా? ఓసారి చూపియ్యి.”

“మంచిగనే ఉన్నట్టుంది. మీ అమ్మకు ఫోన్ చెయ్యి, వాకిట్లకు వచ్చి చూపిస్తది.”