ముగ్గురు నెల జీతగాళ్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పని మాట వస్తే మొదటి ప్రశ్న "ఏం పని?" కాదు, "ఎంతకు?" బీడీలకు వెయ్యికింత, సాంచాల మీద నేసే గుడ్డకు మీటరుకింత, బండి మీద అన్నం మోసే పిల్లగానికి ఆర్డరుకింత. వ్యాసానికింత అని రాసుకుని బతికే నేనూ ఈ కోవలోవాణ్ణే. ఇట్లాంటి లెక్క కూలీలంతా కలిసి పెట్టుకున్న మా సంఘంలోకి ముగ్గురు కొత్త ఉద్యోగులు వచ్చారు, అదీ నెల జీతం మీద! వాళ్లను సభకు పరిచయం చేసే పని నాకు పడింది. "ఎంతకు?" అన్నాను. "శాలువా కప్పుతం" అన్నాడు అధ్యక్షుడు.

వివరాల కోసం కోరుట్లకు, మా కోశాధికారి అక్క దగ్గరికి పోయాను. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే ఆమె నన్ను విచారించింది.

"వెయ్యి మాటలకు నీకెంతిస్తరు తమ్మీ?"

చెప్పాను.

"ఆకు, తంబాకు వాళ్లే ఇస్తరా?"

"కాగితం, కరెంటు మనదే అక్కా."

"మంచిగ లేవని తీసేస్తరా?"

"సగం తీసేస్తరు."

"తీసేసినయి నీకే ఇస్తరా, వాళ్లే ఉంచుకుంటరా?"

నా రచనల మీద ఇంత లోతైన ప్రశ్న ఏ విమర్శకుడూ వెయ్యలేదు.

"నాకు సర్కారు నెలకు 2,016 రూపాయల పింఛనన్న ఇస్తున్నది. నీకు?"

నేను నేల చూశాను. ఆమె కత్తెర ఆగింది. "అయ్యో బిడ్డా!"

ఆ జాలికి చట్టబద్ధమైన ఆధారమే ఉంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషినీ 1966 నాటి చట్టమే కార్మికురాలిగా ఒప్పుకుంది. బండి మీద తిరిగే పిల్లగాడేమో కంపెనీ లెక్కలో 'భాగస్వామి'. పెట్రోలు ఖర్చులో మాత్రం భాగం లేదు, మొత్తం అతనిదే. అలాంటివాళ్ల ఊసు దేశ చట్టంలోకి ఎక్కడానికి 2020 నాటి సామాజిక భద్రత కోడ్ దాకా ఆగాల్సి వచ్చింది. న్యూయార్క్ నగరంలోనైతే నాలాంటివాళ్లకు 2017 నుంచి చట్టం ఉందనీ, 800 డాలర్లు, ఆపైన విలువైన పనికి రాసుకున్న ఒప్పందం ఉండాలనీ, అందులో గడువు రాయకపోతే పని ముగిశాక 30 రోజుల్లో డబ్బివ్వాలనీ అక్కకు చెప్పాను. "గా ఊరికి బస్సు యాడ ఎక్కాలె?" అంది.

జగిత్యాలలో సభ. మొదట యాప్ కార్మికుల పని చూడబోయే అబ్బాయిని నిలబెట్టాను. బీటెక్ చదివి హైదరాబాదులో బిర్యానీలు మోసినవాడు. పాత అలవాటు పోక, నమస్కారం పెట్టి "ఐదు స్టార్లు ఇయ్యుండ్రి" అన్నాడు.

రెండో ఉద్యోగి కోరుట్ల అమ్మాయి, పీఎఫ్ కాగితాల్లో దిట్ట. ఆధార్‌లో లక్ష్మి, కంపెనీ పుస్తకంలో లచ్చవ్వ, బ్యాంకులో లస్మమ్మ ముగ్గురూ ఒక్క మనిషేనని ఆఫీసరు చేత ఒప్పించగలదు. ఆ మాట విని సభలో సగం మంది ఆడవాళ్లు అప్పటికప్పుడే సంచుల్లోంచి కాగితాలు తీశారు.

మూడో ఆయన సిరిసిల్ల పెద్దమనిషి. సాంచాల చప్పుడులో బతికి బతికి గుసగుసగా మాట్లాడటం మరిచిపోయాడు. ఇక సంఘంలో రహస్యమన్నది ఉండదు గానీ, ధర్నాలకు మైకు కిరాయి మిగులుతుంది. శాలువా కప్పగానే కొంగు నలిపి చూసి, "ఇది మన నేత కాదు, సూరత్‌ది!" అన్నాడు. టవర్ సర్కిల్ దాకా వినిపించే ఉంటుంది.

అప్పుడు అక్క లేచింది. "మరి ఈళ్లకు ఆర్డర్ కాగితం ఇచ్చిన్రా?"

"మనమంతా ఒక్క కుటుంబం, కాగితాలెందుకక్కా?" అన్నాడు అధ్యక్షుడు.

సభంతా ఘొల్లుమంది. అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ సేటు నోట విన్న మాటే అది. బీటెక్ అబ్బాయి వినయంగా లేచి, 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయనీ, నియామక పత్రం ఇవ్వక తప్పదనీ గుర్తుచేశాడు. అక్క ముందుచూపు మనిషి, మూడు పత్రాలు టైపు చేయించే తెచ్చింది. కింద 'యజమాని సంతకం' అని గీత.

ఆ గీత మీద సంతకం కోసమే మా అధ్యక్షుడు ఏళ్ల తరబడి మూడు ఊళ్లూ తిరిగాడు. టేకేదారు కంపెనీని చూపించాడు. ఆసామి సేటును చూపించాడు. సేటు బజారును చూపించాడు. యాప్‌కైతే చూపించడానికి వేలే లేదు. ఇప్పుడు ఆయన కూడా వెనక్కి తిరిగి చూశాడు. గోడ తప్ప చూపించడానికి ఎవరూ లేరు. పెన్ను తీశాడు.

మా సంఘం పోరాటంలో "యజమానిని నేనే" అని రాతపూర్వకంగా ఒప్పుకుని దొరికిన మనిషి ఇప్పటికి ఆయనొక్కడే. దొరికినవాణ్ణి అక్క వదులుతుందా? సిరా ఆరకముందే బోనస్ మాటెత్తింది.