పెత్తనం బండిది, పూచీ మనది

2023 మార్చిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్ళు టెస్లా కార్లను వరసగా నిలబెట్టి ‘నాటు నాటు’ పాట పెట్టారు. హెడ్‌లైట్లూ బ్రేక్‌లైట్లూ తాళం తప్పకుండా వెలిగి ఆరాయి. ఆ వీడియో చూసి మురిసిపోని తెలుగువాడు లేడు. కంపెనీ కూడా మురిసిపోయి హృదయం బొమ్మలు పంపింది. కీరవాణి బాణీకి అంత ఒడుపుగా కన్ను కొట్టిన ఆ బండికి ఒక చిన్న సంగతి మాత్రం ఇన్నేళ్ళయినా సరిగ్గా అంతుబట్టడం లేదు. బయట వాన పడుతోందా, లేదా?

వేరే కంపెనీల కార్లు చాలావాటిలో ముందు అద్దం వెనక రెయిన్ సెన్సార్ అని వేలెడంత వస్తువు ఉంటుంది. అది అద్దంలోకి ఏటవాలుగా కాంతిని పంపుతుంది. అద్దం పొడిగా ఉంటే ఆ కాంతి దాదాపు అంతా వెనక్కి వస్తుంది, చినుకులుంటే కొంత బయటికి జారిపోతుంది. వెనక్కి వచ్చేది తగ్గిందంటే వైపర్ కదులుతుంది. అంతకుమించి బ్రహ్మవిద్యేమీ లేదు. టెస్లా ఆ వేలెడంత వస్తువును తీసేసింది. కెమెరాలు ఎలాగూ ఉన్నాయి కదా, అవే చూసి చెబుతాయంది. చెప్పడం వాటికి చేతకాక, వాన ఎలా ఉంటుందో నేర్పడానికి న్యూరల్ నెట్‌వర్క్‌ను కూర్చోబెట్టి చదివించింది. ఆ చదువు ఇంకా నడుస్తోంది. పట్టపగలు ఎండలో వైపర్లు కిర్రుకిర్రుమంటూ పొడి అద్దాన్ని గీకుతాయి. ఎదురుగా లారీ బురద నీళ్ళు చిమ్మిపోతే ధ్యానంలో కూర్చుంటాయి. యజమానులు ఏళ్ళ తరబడి చేస్తున్న ఫిర్యాదు ఇదే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆటోపైలట్ వేయగానే వైపర్లు కూడా వాటంతటవే ఆటోలోకి వెళతాయి. ఎందుకంటే అద్దం వెనక కెమెరాకు దారి కనిపించాలి. అంటే ఆ తుడుపు మన కోసం కాదు. బండి తన కళ్ళు తాను తుడుచుకుంటోంది. మనం పక్కనుండి చూసి సంతోషించాలి.

ఇదంతా కడుపు నిండినవాళ్ళ బాధ అని కొట్టిపారేయవచ్చు. కానీ యాభై అరవై లక్షలు పోసి కొన్న బండిలో వైపర్ మీద హక్కు మనదా, బండిదా అన్న తగువు వైపర్ దగ్గర ఆగిపోయేది కాదు. ఈ కార్లు మనకు చేసిపెడతామని మాట ఇచ్చిన పని ఒకటి, మన చేతిలోంచి లాక్కున్న పనులు వేరు. మాట ఇచ్చింది నడపడం గురించి. లాక్కున్నవేమో వైపర్, గేరు, ఇండికేటర్, తలుపు పిడి, ఏసీ గాలి ఎటు కొట్టాలన్న నిర్ణయం. ఇవన్నీ మనకు ఏనాడూ బరువు కాలేదు. గ్లవ్‌బాక్స్ తెరవలేక చెయ్యి నొప్పి పుట్టిందని ఏ దేశంలో ఏ డ్రైవరూ మొరపెట్టుకోలేదు. అయినా దాన్ని తెరమీద మెనూలోకి ఎక్కించారు. బండి కాగితాలు బయటికి తీయాలంటే ముందు తెరమీద వెతుక్కోవాలి.

ఇక మాట ఇచ్చిన పని సంగతి. 2016 అక్టోబరులో టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ ఇకపై తయారయ్యే ప్రతి కారులోనూ పూర్తి స్వయంచాలనకు కావలసిన సరంజామా అంతా ఉందని ప్రకటించాడు. 2017 చివరికల్లా లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ దాకా ఎవరూ చెయ్యి వేయకుండా కారు వెళుతుందన్నాడు. 2019 ఏప్రిల్‌లో, మరుసటి ఏడాదికి పది లక్షల రోబోట్యాక్సీలన్నాడు. మీరు నిద్రపోతుంటే మీ కారు వెళ్ళి డబ్బు సంపాదించుకొస్తుందన్న ఆశ కూడా అందులో కలిపాడు. ఈ ఆశ ధర 2022 సెప్టెంబరుకు 15,000 డాలర్లకు చేరింది. మరుసటి ఏడాది 12,000 అయింది, 2024 ఏప్రిల్‌లో 8,000కు దిగింది. ధర కొండెక్కినప్పుడు కొన్నవాళ్ళను పలకరించకండి, పాపం. 2025 జనవరిలో మస్క్ ఇంకో సంగతి ఒప్పుకున్నాడు. పాత కంప్యూటరున్న కార్లకు ఈ సదుపాయాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళకు కంప్యూటర్ మార్చాల్సి వస్తుందన్నాడు. సరంజామా అంతా ఉందన్న మాటకు అప్పటికి ఎనిమిదేళ్ళు నిండాయి.

సరే, ఇప్పుడు బండి కొంత నడుపుతోంది. అబద్ధం ఎందుకు, కొన్నిచోట్ల బాగానే నడుపుతోంది. కానీ ‘పూర్తి స్వయంచాలన’ అన్న పేరు పక్కన ‘పర్యవేక్షణలో’ అన్న మాట చేరింది. పర్యవేక్షించాల్సింది మీరే. రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకూడదు, ఫోను చూడకూడదు. లోపలి కెమెరా మీ కళ్ళనే కనిపెట్టుకుని ఉంటుంది. పక్కకు చూశారా, మోత. మళ్ళీ చూశారా, ఇంకా పెద్ద మోత. మాట వినకపోతే కొన్నాళ్ళు ఆ సదుపాయం తీసేసి శిక్ష వేస్తుంది. మన ఊరి లారీల్లో డ్రైవర్ పక్కన కూర్చుని ఎడమ పక్క చూస్తూ ‘రైట్ రైట్’ అనే క్లీనర్ ఉండేవాడు గుర్తుందా? ఓనరుగారికి ఆ ఉద్యోగం వచ్చింది. క్లీనర్‌కైనా భత్యం ఇచ్చేవారు. ఇక్కడ మనమే ఎదురు కట్టాలి, నెలకు 99 డాలర్లు.

ఈ ఉద్యోగం డ్రైవర్ పని కంటే కష్టమైనది కూడా. కనిపెట్టి చెబుతున్నది నేను కాదు. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే ఒక పరిశోధన వ్యాసంలో రాసిపెట్టింది. యంత్రం తేలిక పనులు తను తీసుకుని, తనకు చేతకాని కష్టమైన క్షణాన్ని మనిషికి వదిలేస్తుంది. అప్పటిదాకా ఊరికే చూస్తూ కూర్చున్న మనిషికి చెయ్యి తిరగడం తగ్గిపోయి ఉంటుంది. పైగా గంటల తరబడి రెప్ప వేయకుండా కాపలా కాయడం మనిషికి చేతకాని పని. ఆమె రాసింది కర్మాగారాలూ విమానాల గురించి. ఆ వ్యాసం చదివినవాడెవడూ ఈ కార్లు గీసినట్టు లేదు.

మనిషి తక్కువ తిన్నాడా? స్టీరింగ్ మీద చెయ్యి ఉందో లేదో బరువును బట్టి బండి కనిపెట్టే రోజుల్లో, చెయ్యికి బదులుగా స్టీరింగ్‌కు తగిలించే బరువులు తయారుచేసి అమ్ముకున్నారు. 2018లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఆ వ్యాపారాన్ని ఆపించాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో డ్రైవర్ మీద నిఘా చాలడం లేదని 20 లక్షలకు పైగా టెస్లాలను రీకాల్ చేశారు. రీకాల్ అంటే బండ్లు వెనక్కి పోయి బాగుపడి వచ్చాయనుకునేరు. గాల్లోంచి సాఫ్ట్‌వేర్ దిగింది. దాంతో హెచ్చరికలు ఇంకొన్ని పెరిగాయి.

బండి తనంతట తాను బ్రేక్ వేసుకోవడం మరో కథ. 2021 మేలో అమెరికాలో మోడల్ 3, మోడల్ వై బండ్ల నుంచి రాడార్ తీసేశారు, కెమెరాలు చాలన్నారు. 2022 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దర్యాప్తు మొదలుపెట్టింది. తొమ్మిది నెలల్లో 354 ఫిర్యాదులు వచ్చాయి, దర్యాప్తు కిందికి వచ్చినవి 4.16 లక్షల బండ్లు. ఫిర్యాదుల సారం ఒకటే. హైవే మీద ఎదురుగా ఏమీ లేకుండానే బండి ఉన్నట్టుండి బ్రేక్ వేస్తోంది. అమెరికాలో దీనికి దయ్యపు బ్రేకులని పేరు పెట్టారు. కెమెరాకు ఏం కనిపించిందో దానికే తెలియాలి. వెనక లారీ వాడికి మాత్రం మీ బ్రేక్‌లైట్ ఒక్కటే కనిపిస్తుంది. అదే ఏడాది అక్టోబరులో పార్కింగ్‌కు సాయపడే అల్ట్రాసోనిక్ సెన్సార్లు తీసేయడం మొదలుపెట్టారు. ఇలా ఒక్కొక్కటే తీసేస్తూ ప్రతిసారీ దాన్ని పురోగతి అని ప్రకటించడానికి చాలా గుండె ధైర్యం కావాలి. మన పెళ్ళిళ్ళలో వంటవాడు పప్పులో పప్పు తగ్గించి ఇది కొత్త రకం అంటే ఊరుకుంటామా?

గేరు మార్చే బాధ్యత కూడా 2021 నాటి మోడల్ ఎస్‌లో బండికే అప్పగించారు. చుట్టూ చూసి, ముందుకా వెనక్కా అన్నది అదే ఊహిస్తుంది. 2023 నాటి మోడల్ 3లో ఇండికేటర్ కాడ తీసేసి స్టీరింగ్ మీద బొత్తాలు పెట్టారు. రౌండెబౌట్‌లో స్టీరింగ్ తిరిగినప్పుడు బొత్తాలూ తిరుగుతాయని ఎవరికీ తట్టలేదు కాబోలు. ఎడమ ఎటు, కుడి ఎటు అని అక్కడ నడిరోడ్డు మీద లెక్క వేసుకోవాలి. కొత్త మోడల్ వైలో కాడ చడీచప్పుడు లేకుండా ఉండిపోయింది.

ఈ తెరల వ్యామోహం ఒక్క కంపెనీది కాదు. 2022లో స్వీడన్ పత్రిక ‘వి బిలాగరే’ పరీక్ష పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళుతూ రేడియో, ఏసీలాంటి మామూలు పనులు నాలుగు చేయాలి. తెరల్లేని 2005 నాటి వోల్వో వి70లో అవి పది సెకన్లలో అయిపోయాయి, బండి 306 మీటర్లు వెళ్ళింది. విద్యుత్ కారు ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు పట్టింది, 1,372 మీటర్లు వెళ్ళింది. దాదాపు కిలోమీటరున్నర దూరం డ్రైవర్ బుద్ధి రోడ్డు మీద కంటే తెర మీదే ఎక్కువ ఉందన్నమాట. అలాంటి బండే మళ్ళీ మీ దృష్టి మళ్ళిందని మిమ్మల్ని గద్దిస్తుంది! ఫోక్స్‌వాగన్ తన విద్యుత్ కార్లలో బొత్తాలు తీసేసి, తిట్లు తిని, తిరిగి తెస్తానంది. యూరప్ భద్రతా పరీక్షల సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ లాంటివాటికి చేతికి తగిలే మీటలు లేకపోతే పూర్తి నక్షత్రాలు రావంటోంది. ఇదే యూరప్‌లో 2024 జులై నుంచి ప్రతి కొత్త కారూ వేగపరిమితి దాటితే గోల చేయాలన్న చట్టం ఉంది. ఆ గోల ఆపుకోవచ్చు. బండి మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ మొదలు.

నవ్వు రాని సంగతి తలుపులది. బయట పిడి నొక్కితే విద్యుత్తుతో తెరుచుకునే తలుపు, చిన్న బ్యాటరీ పడిపోతే తెరుచుకోదు. 2025 సెప్టెంబరులో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2021 నాటి మోడల్ వైలు సుమారు 1.74 లక్షల మీద దర్యాప్తు మొదలుపెట్టింది. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టి అమ్మానాన్నలు దిగాక తలుపులు తెరుచుకోలేదు. కొందరు అద్దాలు పగలగొట్టి బిడ్డల్ని బయటికి తీశారు. లోపల చేత్తో తెరిచే మీట ఉంటుంది, నిజమే. సీటుకు కట్టేసిన రెండేళ్ళ పిల్లవాడు దాన్ని వెతుక్కోవాలా? చైనా 2027 నుంచి చేత్తో తెరిచే పిడి ఉండి తీరాలంటోంది.

మన దగ్గరికి వద్దాం. మా తోడల్లుడు హైదరాబాద్‌లో ఒక విద్యుత్ కారు కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను. లేన్ మారితే స్టీరింగ్ లాగుతుంది, అడ్డం వస్తే బ్రేక్ వేస్తుంది. మియాపూర్ వైపు వెళుతుంటే, మూడు వానలకే సగం చెరిగిపోయిన తెల్లగీతను బండి చూసి, అది వంపు తిరిగిందని తీర్మానించుకుని స్టీరింగ్‌ను డివైడర్ వైపు లాగింది. ఆయన ఇటు లాగితే అది అటు లాగింది. తర్వాత సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాడు.

“అది ఫీచరండీ” అన్నాడు అక్కడి కుర్రాడు.

“డివైడర్ ఎక్కించడమా?”

“గీత సరిగ్గా లేదు సార్. రోడ్డు ప్రాబ్లం.”

“మరి ఆటో అడ్డం వచ్చిందని ఉన్నపళంగా బ్రేక్ వేసింది. వెనక బైకు వచ్చి గుద్దింది.”

“వెనకాయన డిస్టెన్స్ మెయింటెయిన్ చేయాలి కదా సార్.”

“దీన్ని తీసెయ్యి బాబూ.”

“తీసేస్తాం సార్. కానీ ఆఫ్ చేసి స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆన్ అవుద్ది.”

రోడ్డుది తప్పు, ఆటోది తప్పు, వెనకాయనది తప్పు. ఒక్క బండి మాత్రమే అగ్నిలో పునీతమై బయటికి వచ్చింది. కూకట్‌పల్లిలో గీతల ప్రకారం బండి నడిపేవాడు ఎవడైనా ఉంటే చూపించమనండి. ఆపత్కాలంలో బ్రేక్ వేసే ఏర్పాటు ప్రాణాలు కాపాడుతుందని నాకు తెలుసు, దాన్ని తీసేయమనడం లేదు. ఏబీఎస్ కూడా యంత్రమే. ఇన్నేళ్ళుగా మన కాళ్ళ కింద పనిచేస్తోంది, ఏనాడూ మనతో వాదించలేదు. మా తోడల్లుడు అడిగింది ఒక్కటే. నేను వద్దన్నది రేపు పొద్దున కూడా వద్దనే ఉండాలి. సీటు ఎంత వెనక్కి జరపాలో గుర్తుంచుకునే బండికి ఈ ఒక్క మాట గుర్తుండదా?

డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి డ్రైవర్‌లేని కార్లను దేశంలోకి రానివ్వనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2023లో అన్నారు. 2025 జులైలో టెస్లా ముంబైలో దుకాణం తెరిచింది. మోడల్ వై ధర అప్పుడు దాదాపు 60 లక్షలు. స్వయంచాలన సదుపాయం కావాలంటే అదనంగా 6 లక్షలు. దుకాణం తెరిచేనాటికి ఆ సదుపాయం ఇక్కడ పనిచేసేది కాదు. వచ్చినప్పుడు వస్తుంది, ముందు కట్టండన్నారు. ఆ 6 లక్షలతో నెలకు ఇరవై వేల చొప్పున రెండున్నరేళ్ళు డ్రైవర్‌ను పెట్టుకోవచ్చు. గీత లేని రోడ్డు అతనికి కొత్త కాదు, ఆటో ఎటు తిరుగుతుందో ఆటోవాడి కంటే ముందే తెలుసు. వద్దన్న పని మర్నాడు మళ్ళీ చేయడు, చేసినా ఎందుకు చేశావని అడగవచ్చు. దసరాకి మామూలు అడుగుతాడు. అడగనివ్వండి.