చియా ప్యాకెట్‌కు టీకా తాత్పర్యం

మూలం: "ప్రాచీన ఎడారి యోధుల మహాశక్తి బీజం. నానబెట్టి సేవించండి."

టీక: ప్రాచీన, మహా, శక్తి – ఈ మూడూ పాదపూరణలు. అట్ట ఖాళీగా ఉండకూడదు గనుక వచ్చాయి, వదిలేద్దాం.

ఎడారి – మొజావీ, సొనోరా. శీతకాలపు వానకు మొలిచి, వసంతంలో పూసి, గింజ రాల్చి, మండుటెండలు ముదిరేసరికి చచ్చిపోయే ఏడాది మొక్క అక్కడ ఒకటుంది. తులసి కుటుంబమే, కాండం నలుపలకలు. ముళ్లున్న గుండ్రటి గుత్తులు కాండం చుట్టూ అంతస్తులుగా వస్తాయి, వాటిలో నీలిపూలు. 1833లో వృక్షశాస్త్రవేత్త బెంథామ్ దీన్ని సాల్వియా కొలంబేరియే అన్నాడు.

యోధుల – ఇక్కడ ముఖ్యార్థానికి బాధ, అంటే మాటకున్న నేరు అర్థం కుదరదు. గింజ కూర్చింది ఎక్కువగా కహుయియా, చుమాష్ తెగల స్త్రీలు. అల్లిన తెడ్డుతో ఎండిన గుత్తులను బుట్టలోకి కొట్టి, వేయించి, పిండి చేసుకునేవారు. శాస్త్రంలో గంగలో గొల్లపల్లె అంటే ఒడ్డున అని, మాట సొంత అర్థం వదిలేసి, జహల్లక్షణతో సరిపెట్టుకున్నాం. ఇక్కడ? కాకుల నుంచి పెరుగు కాపాడమంటే పిల్లీ కుక్కా కూడా లెక్కకొస్తాయి; సొంత అర్థం వదలకుండా ఇంకొన్నిటిని కలుపుకుంటుంది, అది అజహల్లక్షణ. ఆ లెక్కన యోధులతో పాటు స్త్రీలను కలుపుకుందామన్నా, ఇంతకీ యోధులెక్కడ? దొరకలేదు.

దొరికింది వేరే. కోత అయ్యాక మరుసటి ఏడు బాగా మొలవాలని ఆ జనం నేలకు నిప్పు పెట్టేవారు. 1793లో స్పానిష్ గవర్నరు అర్రియాగా ఆ నిప్పును నిషేధించాడు. తిండి పండించే పద్ధతినే నేరం చేశారు. ఆ ముక్కకు అట్ట మీద చోటు లేదు, ఆ తెగల పేర్లకూ లేదు. కండలు తిరిగిన బొమ్మకు మాత్రం ఉంది.

బీజం – అదీ ఆ ఎడారి మొక్కది కాదు. ప్యాకెట్లోది సాల్వియా హిస్పానికా, మెక్సికో వైపు ఆజ్టెక్కులు సాగుచేసిన పంట. ఎడారి ఒక మొక్కది, గింజ మరో మొక్కది. ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం పాణిని వల్ల కూడా కాదు.

నానబెట్టి – నానితే జిగురు. ఎడారి చియా గింజను కంట్లో పెట్టి ఆ జిగురుతోనే నలుసు తీసేవారు.

తాత్పర్యం: మన సబ్జా కూడా తులసి చుట్టమే, నానితే అదే జిగురు. పచారీ కొట్టులో పొట్లం కట్టిస్తారు. పొట్లం మీద యోధుడు లేడు గనుక ధరా తక్కువే.